ఉచిత ఉపన్యాసాన్ని పాఠంగా మార్చాలంటే

ఐఐటీలు నడిపే ఉచిత ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో కోర్సు తీసుకున్న విద్యార్థికి అసైన్‌మెంట్లలో 25కి 25, చివరి పరీక్షలో 75కి 29 వచ్చాయనుకుందాం. మొత్తం 54. అయినా సర్టిఫికెట్ రాదు. అసైన్‌మెంట్ల సగటులో కనీసం 10, పర్యవేక్షణలో రాసే పరీక్షలో కనీసం 30 విడివిడిగా దాటాలన్నది నిబంధన. వారం వారం అసైన్‌మెంట్ జవాబులు గడువుకు ముందే టెలిగ్రామ్ గ్రూపుల్లో, యూట్యూబ్ ఛానళ్లలో చేతికందుతుంటాయి. వాటిని చూసి నింపేసిన వాళ్లు మొదటి పాతిక మార్కులూ సంపాదించి, పరీక్ష హాల్లో కూర్చున్నాకే సబ్జెక్టును మొదటిసారి చూస్తారు. ఐఐటీ ప్రొఫెసర్ పాఠం ఇంట్లో ఫోన్‌లో ఉంది, పైసా ఖర్చు లేదు, అయినా నేర్చుకోవడం జరగలేదు. తప్పంతా విద్యార్థుల బద్ధకం మీదకు నెట్టేస్తే అసలు కారణం కనిపించదు. ఉపన్యాసం ఒక ముడిసరుకు మాత్రమే. దాని ముందు ప్రశ్న, మధ్యలో విరామం, తర్వాత పుస్తకం మూసి రాసే పని, ఈ మూడూ ఎవరో ఒకరు ఏర్పాటు చేయాలి. కాలేజీల్లో చాలాచోట్ల ఆ పని ఎవరి బాధ్యతా కాకుండా పోయింది.

మన దగ్గర దూరవిద్యను మొదట నిర్మించినవాళ్లకు ఈ సంగతి తెలుసు. 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది, ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో ఉంది. దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. అక్కడ రేడియో పాఠాన్ని ఒంటరిగా వదిలేయలేదు. పక్కన అచ్చు పుస్తకం ఉండేది, అధ్యయన కేంద్రాల్లో ముఖాముఖి తరగతులు ఉండేవి. విన్నదాన్ని చదువుకోవడానికి ఒక చోటు, అర్థం కానిదాన్ని అడగడానికి ఒక మనిషి ఉండేవారు. 2001లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన కోర్సుల సామగ్రిని అందరికీ ఉచితంగా ఇస్తానని ప్రకటించింది. 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి ఎన్‌పీటెల్ ప్రారంభించాయి. 2017లో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ వచ్చింది, ఎన్‌పీటెల్ కోర్సులూ అందులో ఉంటాయి. ఇరవై ఏళ్లలో పాఠాల సరఫరా ఊహించనంత పెరిగింది. అడగడానికి మనిషి ఉండే ఏర్పాటు మాత్రం అదే వేగంతో పెరగలేదు.

లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. ఎంఐటీ, హార్వర్డ్ కలిసి ఎడ్ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికపై నడిపిన కోర్సుల సమాచారాన్ని విశ్లేషించి 2019లో ప్రచురించారు. 2017–18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది 3.13 శాతం. డబ్బు కట్టి సర్టిఫికెట్ కోసం నమోదైన వాళ్లలోనూ 46 శాతమే. అదే ఎడ్ఎక్స్‌లో 69 లక్షల వీక్షణలను పరిశీలించిన 2014 అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా ప్రేక్షకుడు దానిపై నిలిచే మధ్యస్థ సమయం ఆరు నిమిషాలు దాటలేదు. దీన్ని చూసి పాఠాలన్నీ ఆరు నిమిషాలకు కత్తిరించాలని అనుకోవడం పొరపాటు. ఆ అధ్యయనం కొలిచింది ఎంతసేపు చూశారన్నదే, ఎంత నేర్చుకున్నారన్నది కాదు. అయినా ఉపాధ్యాయుడికి అందులో పనికొచ్చే సూచన ఒకటుంది: ఆరేడు నిమిషాలకోసారి విద్యార్థి చేతికి ఏదో ఒక పని రావాలి.

ఆ పని ఏమిటన్న ప్రశ్నకు మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీలు 2006లో ప్రచురించిన ప్రయోగం స్పష్టమైన జవాబిచ్చింది. ఒక పాఠ్యభాగాన్ని కొందరు రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, రెండోసారి దాన్ని చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత లెక్క తలకిందులైంది: చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతం. వీడియోను రెండోసారి ప్లే చేస్తే అంతా తెలిసినట్టే అనిపిస్తుంది. ఆ అనిపించడమే మోసం చేస్తుంది. వీడియో ఆపి, నోట్సు మూసి, తెల్లకాగితం మీద రాయడం కష్టంగా ఉంటుంది కాబట్టే గుర్తుంటుంది.

ఒక పీరియడ్‌లో ఒక ఉపన్యాసం

బీటెక్ మొదటి సంవత్సరం గణితంలో మాత్రికల యూనిట్ తీసుకుందాం. రాంక్, ఎషలాన్ రూపం, గాస్ ఎలిమినేషన్. మన విద్యార్థులు ఇవి చకచకా చేస్తారు. రాంక్ అంటే (మాత్రికలో ఒకదాని నుంచి ఒకటి రాని స్వతంత్ర వరుసల సంఖ్య) ఏమిటని అడిగితే చాలామంది ఆగిపోతారు. ఎంఐటీలో గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పిన లీనియర్ ఆల్జీబ్రా మొదటి ఉపన్యాసం ఈ ఖాళీని పూరించడానికి చక్కగా పనికొస్తుంది. నిడివి సుమారు 40 నిమిషాలు. 50 నిమిషాల పీరియడ్‌లో దాన్ని మొదటి నుంచి చివరిదాకా ప్రొజెక్టర్‌పై నడిపిస్తే పదిహేనో నిమిషానికి వెనక బెంచీలు చేజారిపోతాయి. అందుకే ఇలా చేయాలి.

వీడియో పెట్టకముందే ఆయన వాడిన సమీకరణాలనే బోర్డు మీద రాయాలి: 2ఎక్స్ − వై = 0, −ఎక్స్ + 2వై = 3. నాలుగు నిమిషాలు ఇస్తే అందరూ ఎక్స్ 1, వై 2 అని తేలుస్తారు. గ్రాఫ్ కాగితంపై రెండు సరళరేఖలు గీస్తే (1, 2) దగ్గర కలుస్తాయి. ఇది ఇంటర్లో చూసిన బొమ్మే కాబట్టి దానికి వీడియో అక్కర్లేదు. ఆయన నిలువు వరుసల చిత్రానికి వచ్చే చోటు నుంచి ప్లే చేయాలి. (2, −1), (−1, 2) అనే రెండు నిలువు వరుసలను ఎంతెంత కలిపితే (0, 3) వస్తుందన్న ప్రశ్న పడగానే ఆపేయాలి. జవాబు ఆయన నోట రాకూడదు, విద్యార్థి పెన్సిల్ నుంచి రావాలి.

ఇక్కడ సగం మంది ఒకే తప్పు చేస్తారు. మొదటి నిలువు వరుసను సదిశగా, అంటే బాణంగా, మూలబిందువు నుంచి గీసి, రెండోదాన్ని కూడా మూలబిందువు నుంచే గీస్తారు. రెండు బాణాలు వేర్వేరు దిక్కులకు పోతాయి, (0, 3) ఎక్కడా కనిపించదు. రెండో బాణం మొదటి బాణం కొస నుంచి మొదలవ్వాలి: (2, −1) నుంచి (1, 1)కి, అక్కడి నుంచి (0, 3)కి. బల్లల మధ్య తిరుగుతూ ఈ తప్పును చూసి సరిదిద్దడం వీడియో చేయలేని పని. ఉపాధ్యాయుడు ఆ గదిలో ఉండేది దీనికోసమే. తప్పు సరయ్యాక వీడియోను మళ్లీ మూడు నాలుగు నిమిషాలు నడిపితే విద్యార్థి తన బొమ్మను ఆయన బొమ్మతో పోల్చుకుంటాడు.

తర్వాత వీడియోను పక్కనపెట్టి రెండో నిలువు వరుసను (4, −2)గా మార్చమనాలి. అది (2, −1)కి సరిగ్గా రెట్టింపు. రెండు బాణాలూ ఒకే గీతమీద ఉన్నాయి, ఎంత సాగదీసినా, తిప్పి గీసినా (0, 3)కి చేరవు. ఇప్పుడు వాళ్లకు అలవాటైన పద్ధతిలో రాంక్ కట్టమంటే మాత్రికకు 1, కుడివైపు నిలువు వరుసను చేర్చిన మాత్రికకు 2 వస్తాయి. రెండు రాంక్‌లు సమానం కాకపోతే సాధన లేదని బట్టీ పట్టిన సూత్రానికి బొమ్మ దొరికింది. యూనివర్సిటీ పరీక్షలో వచ్చే ప్రశ్న ఇదే కాబట్టి వీడియో సిలబస్‌కు అదనపు బరువు అన్న ఫిర్యాదూ ఉండదు. ఇలాంటి ముడి పడని వీడియో ఎంత గొప్పదైనా తరగతిలో వాడకపోవడమే మేలు.

చివరి ఎనిమిది నిమిషాలు పుస్తకాలు మూసి ఐదు వాక్యాలు రాయించాలి, తెలుగులో రాసినా సరే. మిగిలిన ఉపన్యాసం ఇంటికి. దాంతోపాటు ఒక్క ప్రశ్న వెళ్లాలి: మూడు సమీకరణాల ఉదాహరణలో లెక్క చేయకుండానే జవాబు (0, 0, 1) అని ఎలా చెప్పగలిగారు? కుడివైపున్నది మూడో నిలువు వరుసే కాబట్టి. మరునాడు ఈ జవాబు చెప్పగలిగినవాళ్లు వీడియో నిజంగా చూసినట్టు.

గదిలో చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. 60 మంది గదికి ల్యాప్‌టాప్ స్పీకర్ చాలదు. విడి స్పీకర్‌ను గది మధ్యలో పెట్టాలి, ముందు మూల కాదు. లైట్లన్నీ ఆర్పితే ఎవరూ రాసుకోలేరు, తెర దగ్గరి వరుస ఆర్పితే చాలు. డేటా పొదుపు కోసం ఇంట్లో 144పీలో చూసే విద్యార్థికి సుద్దతో రాసిన పాదాంకాలు, మైనస్ గుర్తులు కనిపించవు. బోర్డు మీద చెప్పే పాఠానికి కనీసం 360పీ కావాలి. గొంతు మాత్రమే ముఖ్యమైన పాఠానికి వీడియో డేటా ఖర్చే దండగ.

భాష, వేగం

వీడియోను రెండింతల వేగంతో చూసినా అవగాహన పెద్దగా తగ్గలేదని 2021లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఆ వేగాన్ని మించితే తగ్గింది. ఈ ఫలితాన్ని మన తరగతికి నేరుగా తెచ్చుకోకూడదు. ఇంగ్లిష్ బోధనలోనే చదువుకుంటున్న అమెరికన్ విద్యార్థుల మీద చేసిన ప్రయోగమది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన విద్యార్థి ఇంగ్లిష్ ఉపన్యాసం వింటున్నప్పుడు ఒకేసారి రెండు పనులు చేస్తున్నాడు: మాట పట్టుకోవడం, విషయం పట్టుకోవడం. మొదటి విడత 0.75 వేగంలో క్యాప్షన్లతో, రెండో విడత మామూలు వేగంలో క్యాప్షన్లు లేకుండా వింటే ఫలితం ఉంటుంది. యంత్రం తయారుచేసే క్యాప్షన్లు సాంకేతిక పదాల దగ్గరే ఎక్కువగా తప్పుతాయి. భారతీయ ఉచ్చారణ తోడైతే తప్పులు ఇంకా పెరుగుతాయి. అందుకే ప్రతి వీడియోతోపాటు ఉపాధ్యాయుడు పది పన్నెండు కీలక పదాలు, పక్కన ఒక్కో తెలుగు వాక్యం రాసి ఇస్తే, అరగంట పనితో 60 మందికి దారి తేలికవుతుంది. ఎన్‌పీటెల్ పలు కోర్సుల పాఠాంశాలను తెలుగుతో సహా భారతీయ భాషల్లోనూ ఇస్తోంది. వాటి అనువాదం బరువుగా అనిపించే చోట కూడా ఇంగ్లిష్ వీడియో పక్కన తోడుగా పెట్టుకుంటే ఉపయోగమే.

తెలుగు గొంతుతో కంప్యూటర్ నైపుణ్యాలు నేర్పే ఏర్పాట్లలో బొంబాయి ఐఐటీ స్పోకెన్ ట్యుటోరియల్ పద్ధతి మిగతావాటికి ఆదర్శం. ఒక్కో పాఠం సుమారు పది నిమిషాలు. తెరను రెండు భాగాలు చేసి ఒకవైపు పాఠం, మరోవైపు సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి. పాఠంలో ఒక మెట్టు చూడగానే ఆపి, పక్కన అదే చేసి, ఫలితం సరిపోయాక ముందుకు కదలాలి. సాఫ్ట్‌వేర్ తెరపై మాటలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, వివరణ తెలుగులో వినిపిస్తుంది. ఉద్యోగంలో ఎదురయ్యేది ఇంగ్లిష్ తెరే కాబట్టి ఈ కలయిక సరైనదే. పాఠాలను ముందే దించుకుని ఇంటర్నెట్ లేని ల్యాబ్‌లోనూ నడపొచ్చు. ఈ పద్ధతి దెబ్బతినేది రెండు చోట్ల. ఒక కంప్యూటర్ ముందు ముగ్గురిని కూర్చోబెడితే ఒకరు చేస్తారు, ఇద్దరు చూస్తారు. హెడ్‌ఫోన్లు లేకపోతే ముప్పై యంత్రాల శబ్దం కలిసిపోయి చివరికి ఉపాధ్యాయుడే మైకు పట్టుకుంటాడు, ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకోవడమనే అసలు లాభం అక్కడితో పోతుంది.

చెవికి సరిపోయే పాఠాలు

పాడ్‌కాస్ట్‌కు బొమ్మ లేదు. కాబట్టి సమీకరణాల నిరూపణ, సర్క్యూట్ వివరణ దానికి అప్పగించకూడదు. చరిత్ర, సాహిత్యం, ఆర్థిక విషయాలు, భాష, వైద్యంలో రోగచరిత్ర చర్చ లాంటివి చెవికి బాగా ఎక్కుతాయి. తెలుగు సాహిత్య విద్యార్థులకు కిరణ్‌ప్రభ టాక్ షోలు పెద్ద నిధి. రచయితల, కళాకారుల జీవితాలను భాగాలుగా, నిదానంగా, మంచి తెలుగులో చెబుతాయి. హర్షణీయం పాడ్‌కాస్ట్‌లో కథలు, రచయితలతో సంభాషణలు ఉన్నాయి. ఇంగ్లిష్‌లో బీబీసీ ఇన్ అవర్ టైమ్ 1998 నుంచి వస్తోంది. ఒక్కో విషయంపై సాధారణంగా ముగ్గురు విద్వాంసులు ముప్పావు గంట మాట్లాడతారు, కార్యక్రమం పేజీలో చదవాల్సిన పుస్తకాల జాబితా కూడా ఉంటుంది.

బస్సులో వింటూ వెళ్లడం మంచిదే. పాఠంగా వినడం వేరు. వినేముందు మూడు ప్రశ్నలు ఇవ్వాలి. ‘ఏం చెప్పారు’ లాంటివి కాదు, ‘ముగ్గురిలో ఎవరు ఎవరితో విభేదించారు, దేని గురించి’, ‘ఈ వాదనకు చూపిన ఆధారం ఏది’ లాంటివి. మొదటిసారి పదిహేను నిమిషాలు చాలు. విన్నాక నోట్సు చూడకుండా తెలుగులో తొంభై సెకన్ల వాయిస్ మెసేజ్ పంపమనాలి. 60 మంది తరగతిలో అందరివీ వినాలంటే గంటన్నర పడుతుంది, ఏ ఉపాధ్యాయుడికీ వారం వారం అది కుదరదు. వారానికి 12 మంది వంతు పెడితే 18 నిమిషాల్లో అయిపోతుంది, ఐదు వారాల్లో అందరికీ ఒకసారి స్పందన అందుతుంది. రాయడానికి జంకే విద్యార్థులు మాట్లాడేటప్పుడు తమ ఆలోచనను ఎంత స్పష్టంగా బయటపెడతారో చూసినప్పుడు, ఈ 18 నిమిషాల విలువ ఉపాధ్యాయుడికే అర్థమవుతుంది.

ఉపాధ్యాయుడే ఆడియో పాఠం చేయడానికి స్టూడియో అక్కర్లేదు. ఖాళీ తరగతి గదిలో గోడలు మోగుతాయి. పుస్తకాల బీరువాలు, తెరలు, పరుపులు ఉన్న చిన్న గది మేలు. ఫ్యాన్ ఆపాలి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా కాస్త పక్కకు పెట్టుకుంటే పకారాల దగ్గర గాలి కొట్టిన శబ్దం రాదు. రాసుకున్నది చదివితే గొంతు బల్లపరుపుగా వినిపిస్తుంది, అరకాగితంపై అంశాలు పెట్టుకుని మాట్లాడాలి. పది నిమిషాల పాఠాన్ని 64 కేబీపీఎస్ మోనోలో ఎంపీ3గా మారిస్తే 4.8 ఎంబీ అవుతుంది. సెమిస్టర్ మొత్తానికి 40 పాఠాలన్నా 192 ఎంబీ. వాట్సాప్‌లో వాయిస్ నోట్‌గా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి. అప్పుడు ‘యూనిట్ 2, పాఠం 3’ అన్న ఫైల్ పేరు నిలుస్తుంది, పరీక్షల ముందు వెతికితే దొరుకుతుంది. ఒక పాఠానికి ఒకే విషయం ఉండాలి. పది నిమిషాలు దాటుతోందంటే అందులో రెండు పాఠాలు ఉన్నట్టే.

క్రెడిట్ కోసం కోర్సు తీసుకున్నప్పుడు

ఒక సెమిస్టర్ కోర్సుల్లో 20 శాతం దాకా స్వయం ద్వారా చేయవచ్చని 2016లో యూజీసీ అనుమతించింది, 2021లో ఆ పరిమితిని 40 శాతానికి పెంచింది. దీంతో ఆన్‌లైన్ కోర్సు ఇష్టమైతే చూసేది కాకుండా మార్కుల జాబితాలోకి వచ్చేదైంది. అసైన్‌మెంట్ కాపీ ఒత్తిడి కూడా అందుకే పెరిగింది. ఎన్‌పీటెల్ 12 వారాల కోర్సులో ఉత్తమమైన 8 అసైన్‌మెంట్లనే లెక్కిస్తారు. ఎనిమిది వారాల దాంట్లో 6, నాలుగు వారాల దాంట్లో 3. అంటే ఒకటి రెండు వారాలు సొంతంగా చేసి తప్పినా నష్టం లేదు. ఈ సంగతి మొదటి రోజే చెబితే కాపీ కొట్టాలన్న భయం చాలావరకు తగ్గుతుంది. కాలేజీ మెంటర్ వారానికి ఒక గంట కేటాయించి, గడువు ముగిసిన అసైన్‌మెంట్ నుంచి రెండు ప్రశ్నలను అంకెలు మార్చి కాగితంపై చేయించాలి. ఆన్‌లైన్‌లో పదికి పది, కాగితంపై సున్నా వచ్చినవాళ్లు నాలుగో వారానికే తెలుస్తారు. అప్పటికి సరిదిద్దుకునే సమయం ఉంటుంది. పరీక్షకు వారం ముందు తెలిస్తే ఉండదు.

కోర్సు ఎంపికలో తరచూ జరిగే పొరపాటు పేరు చూసి చేరడం. ‘పరిచయం’ అని పేరున్న కోర్సు ఎంటెక్ స్థాయిది కావచ్చు. మొదటి వారం వీడియోలు రెండు, మొదటి అసైన్‌మెంట్ చూశాకే నిర్ణయించుకోవాలి. కోర్సులో చేరడం ఉచితం, డబ్బు కట్టేది పరీక్షకే కాబట్టి రెండు మూడు కోర్సులు తెరిచి చూసి ఒకటి ఉంచుకోవచ్చు. సెమిస్టర్‌కు ఒకటే. మూడు తీసుకున్న విద్యార్థికి మూడింట్లోనూ వీడియోలు పేరుకుపోతాయి.

ఏది కాపీ చేసుకోవచ్చు

ఉచితంగా చూడగలగడం, ఉచితంగా వాడుకోగలగడం వేర్వేరు. ఎంఐటీ ఉచితంగా ఇచ్చే ఓపెన్‌కోర్స్‌వేర్ సామగ్రి మీద ఉన్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ప్రకారం దాన్ని కాపీ చేయవచ్చు, తెలుగులోకి అనువదించవచ్చు, ముక్కలు చేసి మన వివరణ చేర్చవచ్చు. షరతులు మూడు: మూలకర్త పేరు చెప్పాలి, అమ్ముకోకూడదు, తయారుచేసినదాన్ని అదే లైసెన్సుతో ఇతరులకూ వదలాలి. అందువల్ల పైన చెప్పిన స్ట్రాంగ్ ఉపన్యాసానికి తెలుగు వ్యాఖ్యానం చేర్చి విద్యార్థులకు పంచడం పూర్తిగా అనుమతి ఉన్న పని. యూట్యూబ్‌లో మామూలు లైసెన్సుతో ఉన్న వీడియోకు ఇది వర్తించదు. లింకు ఇవ్వవచ్చు, కానీ దించుకుని కాలేజీ ఛానల్లో మళ్లీ ఎక్కించకూడదు. ఏ లైసెన్సో వీడియో కింద వివరణలో ఉంటుంది, కోర్సు ప్రణాళిక రాసేటప్పుడే లింకు పక్కన నోట్ చేసుకోవాలి. వీడియోలు చెప్పకుండా మాయమవుతుంటాయి కాబట్టి సెమిస్టర్ మొదలవడానికి వారం ముందు ప్రతి లింకూ ఒకసారి తెరిచి చూసి, ఒక్కోదానికి ప్రత్యామ్నాయంగా పాఠ్యపుస్తకంలోని పేజీ సంఖ్యలు రాసి పెట్టుకోవాలి.